బ్రాండ్ పిలిచిన షార్ట్ ఫిల్మ్ షోకి ఎలా వెళ్ళాలి, ఎలా చూడాలి, ఏం అడగాలి

“ఏదో కంపెనీ వాళ్ళు షార్ట్ ఫిల్మ్ షో వేస్తున్నారట, టికెట్ లేదట, వెళ్ళొచ్చా? వెళ్తే ఏమైనా కొనమంటారా? సినిమా బాగోలేకపోతే బాగోలేదని రాయొచ్చా?”

ఈ మూడు ప్రశ్నలూ రాని నెల లేదు. ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసే ఓపిక అయిపోయి అన్నీ ఒకచోట పెడుతున్నాను. చిన్న జవాబు కావాలంటే: వెళ్ళొచ్చు, కొననక్కర్లేదు, రాయొచ్చు. వివరంగా కావాలంటే చదవండి.

మొదటే ఒక మాట. ఆ సాయంత్రం మీరు కూర్చునే కుర్చీకి డబ్బు కట్టింది బ్రాండ్. తెర మీద కనబడేది మాత్రం ఓ చిన్న బృందం నెలల తరబడి నిద్ర మానుకుని తీసిన సినిమా. ఈ రెండింటినీ కలిపేసుకోకుండా ఉంటే మిగతావన్నీ చిన్న విషయాలే.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

- కన్ఫర్మేషన్ మెయిల్ లేదా క్యూఆర్ కోడ్ స్క్రీన్‌షాట్. హాలు గుమ్మం దగ్గర నెట్‌వర్క్ దొరుకుతుందని నమ్ముకోవద్దు.
- రిజిస్ట్రేషన్‌లో రాసిన పేరే ఉన్న గుర్తింపు కార్డు.
- చిన్న నోట్‌బుక్, పెన్ను. ఫోన్‌లో రాసుకుందాం అనుకోకండి, కారణం 6వ అడుగులో ఉంది.
- దూరపు చూపు కళ్ళద్దాలు వాడేవాళ్ళైతే అవి. సబ్‌టైటిల్స్ చిన్నవిగా ఉంటాయి.
- రెండు, రెండున్నర గంటల ఖాళీ సమయం. సినిమా పావుగంటే అయినా సాయంత్రం మొత్తం పోతుంది.

1. పిలిచిందెవరో, ఎందుకో తేల్చుకోండి

ఆహ్వానం మీద సినిమా పేరు పెద్ద అక్షరాల్లో ఉందా, బ్రాండ్ పేరా? సగం సంగతి అక్కడే తెలిసిపోతుంది. స్థూలంగా ఇవి నాలుగు రకాలు.

మొదటి రకంలో సినిమా ఎప్పుడో పూర్తయి ఉంటుంది. దర్శకులే సొంత డబ్బుతోనో చందాలతోనో తీసి ఉంటారు. బ్రాండ్ ఈ ఒక్క సాయంత్రానికి హాలు, ప్రొజెక్టర్ ఖర్చు భరిస్తుంది. రెండో రకంలో కెమెరానో ఫోనో లెన్సులనో ఇచ్చి, దాంతోనే తీశారని చెప్పుకోవడానికి షో వేస్తారు. మూడో రకంలో తీయడానికి డబ్బు కూడా బ్రాండ్‌దే, కథ మాత్రం దర్శకులది. ఫ్యాషన్ బ్రాండ్ మియు మియు 2011 నుంచి మహిళా దర్శకులతో తీయిస్తున్న షార్ట్ ఫిల్మ్‌లు ఈ రకమే: బట్టలు బ్రాండ్‌వి, కథ దర్శకురాలిది. నాలుగో రకంలో కథ కూడా బ్రాండ్ ఆఫీసులోనే పుడుతుంది. అది పన్నెండు నిమిషాల ప్రకటన.

మూడో రకానికీ నాలుగో రకానికీ మధ్య గీత పల్చన. 2001లో బీఎండబ్ల్యూ పేరున్న దర్శకులతో వరసగా షార్ట్ ఫిల్మ్‌లు తీయించి ఇంటర్నెట్‌లో పెట్టింది. ప్రతిదాంట్లోనూ కారు ఉంది. అయినా వాటిని సినిమాలుగానే చూసినవాళ్ళు చాలామంది. కాబట్టి ఏ రకానికైనా వెళ్ళండి, తప్పులేదు. నాలుగో రకాన్ని మొదటి రకం అనుకుని వెళితేనే తిరిగొచ్చేటప్పుడు మోసపోయినట్టు ఉంటుంది.

తేల్చుకోవడం సులువే. ఆహ్వానం పంపినవారికి ఒక్క వాక్యం రాయండి: “మీ సంస్థ ఈ సినిమా నిర్మాణంలో కూడా ఉందా, ప్రదర్శన వరకేనా?” చాలామంది సూటిగానే చెబుతారు. జవాబు రాకపోతే ఎండ్ టైటిల్స్ చెబుతాయి.

హెచ్చరిక: ఉచిత షో అని చెప్పి ఓటీపీ, కార్డు వివరాలు, “తిరిగి ఇచ్చేసే డిపాజిట్” అడిగితే అక్కడే ఆగిపోండి. లింకు మీద నొక్కకుండా, బ్రాండ్ అధికారిక ఖాతాలోనో దర్శకుల పేజీలోనో ఆ షో ప్రస్తావన ఉందేమో చూడండి. నిజమైన షో గురించి దర్శకులు తప్పకుండా చెప్పుకుని ఉంటారు. వాళ్ళకు అంతకంటే పెద్ద వార్త ఏముంటుంది?

2. రిజిస్ట్రేషన్ చేసేటప్పుడు చిన్న అక్షరాలు చదవండి

ఫారం కింద సాధారణంగా రెండు మూడు గడులుంటాయి. ఒకటి షోకి సంబంధించినది. ఇంకోటి “మా ఆఫర్లు, వార్తలు పంపడానికి అంగీకరిస్తున్నాను” అనేది. రెండోదానికి టిక్ ముందే పెట్టి ఉంటే తీసేయండి. తీస్తే సీటు ఇవ్వరేమోనన్న భయం వద్దు. జీమెయిల్ వాడేవాళ్ళకో చిట్కా: మీ చిరునామాలో పేరు తర్వాత ప్లస్ గుర్తు, ఒక మాట చేర్చి ఇస్తే మెయిల్ మీకే వస్తుంది. తర్వాత ఎవరు మీ చిరునామాను ఎవరికి ఇచ్చారో కూడా తెలిసిపోతుంది.

తోడు ఎవరినైనా తీసుకెళ్ళాలనుకుంటే వాళ్ళ పేరుతో విడిగా నమోదు చేయించండి. “ఇద్దరం వస్తాం” అని మెయిల్‌లో రాస్తే గుమ్మం దగ్గర ఒక్కరికే చోటుంటుంది.

వెళ్ళలేకపోతే ముందురోజైనా రద్దు చేయండి. మీ ఖాళీ కుర్చీ వల్ల బ్రాండ్‌కి నష్టం లేదు. సగం ఖాళీగా ఉన్న హాలు ముందు నిలబడి మాట్లాడాల్సింది దర్శకులు.

3. వెళ్ళేముందు పది నిమిషాలు

సినిమా కథ చదవకండి. దర్శకుల పాత షార్ట్ ఫిల్మ్ ఒకటి ఆన్‌లైన్‌లో దొరికితే అది చూడండి. దొరక్కపోయినా నష్టం లేదు.

నిడివి ఎంతో, సబ్‌టైటిల్స్ ఉన్నాయో లేదో, వయసు పరిమితి ఉందో అడిగి తెలుసుకోండి. మెరిసే లైట్లతో ఇబ్బంది పడేవాళ్ళు, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్ళు ముందే మెయిల్ చేస్తే ఏర్పాటు చేస్తారు. అక్కడికి వెళ్ళాక అడిగితే అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు.

నిడివి గురించి ఒక మాట, చాలామంది అడుగుతారు కాబట్టి. ఆస్కార్ నియమాల్లో టైటిల్స్‌తో కలిపి 40 నిమిషాలు దాటకపోతే షార్ట్ ఫిల్మే. కాన్ ఫిల్మ్ ఫెస్టివల్ షార్ట్ ఫిల్మ్ పోటీలో హద్దు 15 నిమిషాలు. అందుకని “ఇంత చిన్నదా” అనో, “ఇంత పెద్దదా” అనో ఆశ్చర్యపోకండి.

4. ముప్పావుగంట ముందు చేరండి

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. ఉచిత షోలకు నమోదు చేసుకున్నవాళ్ళలో కొందరు రారని నిర్వాహకులకు తెలుసు. అందుకే ఉన్న సీట్ల కంటే ఎక్కువమందికి కన్ఫర్మేషన్ పంపుతారు. ఆరోజు అందరూ వచ్చారంటే కన్ఫర్మేషన్ చేతిలో ఉన్నా బయటే నిలబడాలి. నాకు ఒకసారి అలాగే అయింది: సరిగ్గా ఆహ్వానంలో ఉన్న సమయానికి వెళ్ళాను, తలుపు దగ్గర అమ్మాయి ఎంతో మర్యాదగా “హౌస్‌ఫుల్ అండీ” అంది. ఆ సినిమా ఇప్పటికీ చూడలేదు.

ఆహ్వానంలో ఉన్న సమయం సాధారణంగా తలుపులు తెరిచేది. సినిమా మొదలయ్యేది దానికి అరగంట నుంచి గంట తర్వాత. మధ్యలో బ్రాండ్ వాళ్ళ ప్రసంగం, జ్యోతి వెలిగించినంత గంభీరంగా ఒక వీడియో, ఫొటోలు ఉంటాయి.

గుమ్మం దగ్గర “ఇక్కడ చిత్రీకరణ జరుగుతోంది, లోపలికి రావడం అంటే అంగీకరించడమే” అన్న బోర్డు ఉందేమో చూడండి. మీ ముఖం రేపు వాళ్ళ ప్రచార వీడియోలో కనబడటం ఇష్టం లేకపోతే నమోదు బల్ల దగ్గరే చెప్పండి. కొన్నిచోట్ల వేరే రంగు స్టిక్కరో పట్టీయో ఇస్తారు. అలాంటిదేమీ లేకపోతే వెనక వరసలో, పక్కగా కూర్చోండి. కెమెరాలు ఎప్పుడూ ముందు మూడు వరసల మీదే తిరుగుతాయి.

5. సీటు ఎంచుకోవడం, బ్రాండ్ వీడియోని వాడుకోవడం

నిజమైన సినిమా థియేటర్‌లోనైతే నడిమధ్య, తెర నుంచి వెనక గోడ దాకా మూడింట రెండు వంతుల దూరంలో కూర్చోండి. బొమ్మ, శబ్దం రెండూ అక్కడ బాగుంటాయి.

కానీ ఈ షోలు తరచుగా సమావేశాల హాళ్ళలో జరుగుతాయి. నేల చదును, తెర తాత్కాలికం, కుర్చీలన్నీ ఒకే ఎత్తు. అలాంటిచోట ముందు తల సబ్‌టైటిల్స్‌ని సరిగ్గా మధ్యలో కోసేస్తుంది. మధ్య దారి పక్కనుండే కుర్చీ పట్టుకోండి. స్పీకరు పక్కన మాత్రం వద్దు.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన చిట్కా. సినిమాకు ముందు వేసే బ్రాండ్ వీడియోని విసుక్కోకుండా పరీక్షగా వాడుకోండి. ఆ రెండు నిమిషాల్లో ఇవి చూడండి:

- ముఖాలు నిలువుగానో అడ్డంగానో సాగినట్టున్నాయా? ఉంటే సెట్టింగ్ తప్పు. అసలు సినిమాలో తెర పైనా కిందా నల్లపట్టీలు వస్తే మాత్రం తప్పు కాదు; 2.39:1 (వెడల్పు, ఎత్తుల నిష్పత్తి)లో తీసిన బొమ్మను అంతకంటే వెడల్పు తక్కువైన 16:9 తెర మీద వేస్తే అలాగే ఉంటుంది.
- పెదాలకూ మాటకూ పొంతన ఉందా? మాట బొమ్మ కంటే ముందొస్తే సుమారు 45 మిల్లీసెకన్లకే తేడా తెలుస్తుంది, వెనకొస్తే 125 దాకా చెవి సర్దుకుంటుంది. ల్యాప్‌టాప్‌కి బ్లూటూత్ స్పీకర్లు తగిలించినచోట మాట వెనకబడటం మామూలే.
- తెర కింది భాగం మీ సీటు నుంచి పూర్తిగా కనబడుతోందా?

తేడా ఉంటే లేచి వెళ్ళి మెల్లగా ఆపరేటర్‌కి చెప్పండి. సినిమా మొదలయ్యాక చెబితే ఎవరూ ఆపరు. “నాకెందుకులే” అని అందరూ ఊరుకోవడం వల్లే దర్శకులు తమ సినిమా సాగిన ముఖాలతో నడుస్తుంటే వెనక నిలబడి గోళ్ళు కొరుక్కుంటారు. మొహమాటానికి పోతే ఏమవుతుందో మనకో సామెత ఉంది, ఇక్కడ రాయను.

6. సినిమా నడుస్తుండగా

ఫోన్ సైలెంట్‌లో పెడితే చాలదు, ఆపేయండి. చేతి గడియారం వెలిగేదైతే దాన్నీ. పన్నెండు నిమిషాల సినిమాలో ముప్పై సెకన్ల వెలుగు అంటే చిన్న విషయం కాదు. గుర్తుంచుకోవాలనిపించినది చీకట్లోనే నోట్‌బుక్‌లో ఒక్క మాట గీకండి. అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడినా తర్వాత అర్థమవుతాయి.

రికార్డు చేయకండి. పది సెకన్లైనా వద్దు, స్టోరీలో పెట్టడానికైనా వద్దు, బ్రాండ్ వాళ్ళు హ్యాష్‌ట్యాగ్ ఇచ్చి ప్రోత్సహించినా వద్దు. చాలా దేశాల్లో అది నేరం. అంతకంటే ముఖ్యమైన కారణం ఇంకోటుంది: చాలా ఫెస్టివల్స్ అప్పటికే ఆన్‌లైన్‌లో ఉన్న సినిమాను తీసుకోవు. ఆస్కార్ షార్ట్ ఫిల్మ్ విభాగాలకు అర్హత పొందకముందే సినిమా ఆన్‌లైన్‌లో విడుదలైతే దారి మూసుకుపోతుంది. మీ క్లిప్ వల్ల అంత పని జరక్కపోవచ్చు, కానీ దాని గురించి సంజాయిషీ రాసుకోవలసింది దర్శకులు.

ఎండ్ టైటిల్స్‌కి లేవకండి. షార్ట్ ఫిల్మ్‌లో అవి నిమిషమో రెండు నిమిషాలో. 1వ అడుగులో రాని జవాబు ఇక్కడ వస్తుంది: “నిర్మాణం” కింద ఎవరి పేరుంది, “కృతజ్ఞతలు” కింద ఎవరి పేరుంది. బ్రాండ్ పేరు కృతజ్ఞతల్లో మాత్రమే ఉంటే మొదటిదో రెండోదో రకం, నిర్మాణంలో ఉంటే మూడోదో నాలుగోదో రకం. ఛాయాగ్రహణం, ఎడిటింగ్, సౌండ్ ఎవరివో కూడా రాసుకోండి. 8వ అడుగులో పనికొస్తుంది.

7. ప్రశ్నోత్తరాలు

మైకు మీ చేతికి రాకముందే ప్రశ్న నోట్‌బుక్‌లో రాసుకోండి. గట్టిగా చదివితే ఇరవై సెకన్లు దాటకూడదు. ఒక్కటే ప్రశ్న. “రెండు ప్రశ్నలున్నాయి, మొదటిది...” అని మొదలుపెట్టిన క్షణంలోనే హాలు మీ వైపు నుంచి ముఖం తిప్పేసుకుంటుంది.

మంచి ప్రశ్న ఒక నిర్దిష్టమైన చోటు గురించి ఉంటుంది. “సినిమాలో మెసేజ్ ఏమిటి?” అంటే దర్శకులు అప్పటికి పదిసార్లు చెప్పిందే చెబుతారు. “తల్లి తలుపు వేసినప్పుడు శబ్దం తీసేశారు కదా, అది స్క్రిప్ట్‌లోనే ఉందా, ఎడిటింగ్‌లో వచ్చిందా?” అంటే ముఖం వెలుగుతుంది, అసలు కబుర్లు అప్పుడు మొదలవుతాయి. మరికొన్ని నమూనాలు:

- “ఫలానా షాట్ అంతసేపు పట్టి ఉంచాలని ఎప్పుడు నిర్ణయించుకున్నారు?”
- “తీసి, చివరికి తీసేసిన సన్నివేశం ఏదైనా ఉందా? ఎందుకు తీసేశారు?”
- “ఆ పిల్లాడితో డైలాగు చెప్పించారా, సందర్భం చెప్పి వదిలేశారా?”

మానుకోవలసినవి: బడ్జెట్ ఎంత, పెద్ద సినిమా ఎప్పుడు తీస్తారు, నాకు ఛాన్స్ ఇస్తారా. ప్రశ్న ముసుగులో మీ జీవితకథ కూడా.

ఇక అందరూ అడగాలనుకుని ఆగిపోయేది: “కథలో బ్రాండ్ వాళ్ళు మార్పులు చేయించారా?” ఇది న్యాయమైన ప్రశ్నే. వేదిక మీద మాత్రం అడక్కండి. డబ్బిచ్చినవాళ్ళు మొదటి వరసలో కూర్చుని వింటుండగా ఎవరైనా “పూర్తి స్వేచ్ఛ ఇచ్చారండీ” అనే అంటారు. మీకు తెలిసేదేమీ ఉండదు, దర్శకులకు ఇబ్బంది మిగులుతుంది. అదే ప్రశ్న తర్వాత పక్కకు వచ్చినప్పుడు అడిగితే కొందరు నవ్వి ఊరుకుంటారు, కొందరు చెబుతారు. బ్రాండ్ ప్రతినిధి వేదిక మీద ఉంటే ఆయన్ని అడగండి: “ఈ కథనే ఎందుకు ఎంచుకున్నారు?” ఆ జవాబు ఆసక్తిగా ఉంటుంది, ఎవరికీ చిక్కూ లేదు.

8. బృందంతో రెండు నిమిషాలు

షో అయ్యాక దర్శకుల చుట్టూ గుంపు. మీరూ అందులో దూరితే సెల్ఫీ తప్ప ఇంకేం దొరకదు. గోడ పక్కన ఒంటరిగా నిలబడినవాళ్ళను వెతకండి. వాళ్ళలో ఒకరు సౌండ్ చేసినవాళ్ళు, ఒకరు ఎడిటర్ అయ్యుంటారు. ఇందాక రాసుకున్న పేరుతో పలకరించి, “ఆ వాన శబ్దం మీరు చేసిందేనా?” అనండి చాలు. ఇలాంటి షోల్లో నేను నేర్చుకున్నదంతా ఇలా నిలబడి విన్నదే. వేదిక మీద విన్నది గుర్తే లేదు.

దర్శకుల దగ్గర చోటు దొరికితే: పేరు చెప్పండి, సినిమాలో మీకు గుర్తుండిపోయిన ఒక్క చోటు చెప్పండి, పక్కకు తప్పుకోండి. మీ స్క్రిప్ట్ చేతిలో పెట్టకండి. నచ్చకపోతే? “అద్భుతం” అని అబద్ధం ఆడనక్కర్లేదు, లోపాలు ఏకరువు పెట్టనూ అక్కర్లేదు. “రెండో సగంలో ఆ అన్న పాత్ర గురించి ఇంకా ఆలోచిస్తున్నాను” అనొచ్చు, అది నిజమైతే.

9. బల్లలు, సంచులు, సర్వేలు

బయటికొచ్చే దారిలో ఉత్పత్తుల బల్ల ఉంటుంది. ఆగాలనిపిస్తే ఆగండి, లేదంటే “లేదండీ” అని నడవండి. సర్వే నింపితే బహుమతి అంటే, ఫోన్ నంబరు గడి తప్పనిసరా కాదా చూసుకోండి. బహుమతి సంచి తీసుకోవడం తప్పు కాదు. తీసుకుంటే మాత్రం తర్వాతి అడుగులో ఆ సంగతి చెప్పాలి.

10. దాని గురించి రాసేటప్పుడు

చాలా దేశాల్లో నియమం ఒక్కటే: బ్రాండ్ నుంచి డబ్బు, వస్తువు, ఉచిత ప్రయాణం లాంటివి అందుకుని రాస్తే ఆ సంగతి పాఠకుడికి కనబడేలా చెప్పాలి. చివర్లో హ్యాష్‌ట్యాగుల గుంపులో దాచడం చెప్పడం కాదు. మొదటి పేరాలోనే ఇలా రాయండి: “ఈ సినిమాను ఫలానా బ్రాండ్ ఏర్పాటు చేసిన ఉచిత ప్రదర్శనలో చూశాను; వాళ్ళిచ్చిన బహుమతి సంచి తీసుకున్నాను.” ఒక్క వాక్యం, అంతే. ఆ తర్వాత నచ్చినా నచ్చకపోయినా స్వేచ్ఛగా రాయొచ్చు.

పోస్ట్ చేసేముందు చూపించమని బ్రాండ్ వాళ్ళు అడిగితే, డబ్బు తీసుకున్న ఒప్పందం లేనంతవరకు “వద్దండీ” అనండి. పేర్లు, నిడివి సరిచూడమని అడిగితే అవి మాత్రం పంపండి. ఏదైనా తేదీ వరకు రాయొద్దని ముందే చెప్పి ఉంటే ఆ తేదీ పాటించండి.

ముగింపు బయటపెట్టకండి. రెండున్నర గంటల సినిమాలో ముగింపు చెప్పేస్తే ఇంకా రెండు గంటలు మిగులుతాయి. పన్నెండు నిమిషాల సినిమాలో ఏమీ మిగలదు.

సరిగ్గా చూశారో లేదో ఎలా తెలుస్తుంది?

మర్నాడు పొద్దున నోట్‌బుక్ తెరవకుండా ఈ నాలుగూ ప్రయత్నించండి. బ్రాండ్ పేరు లేకుండా సినిమా గురించి రెండు వాక్యాలు చెప్పగలరా? దర్శకులు కాక ఇంకొకరి పేరు గుర్తుందా? ఒక శబ్దం గుర్తుందా? ఎవరి డబ్బుతో తీశారో కచ్చితంగా చెప్పగలరా? మూడింటికి జవాబుంటే సాయంత్రం వృథా కాలేదు. సంచిలో ఏమున్నాయో మాత్రమే గుర్తుంటే, ఈసారి 6వ అడుగు మళ్ళీ చదివి వెళ్ళండి.

సీటు దొరక్కపోతే

వెయిటింగ్ లిస్టులో ఉంటే ముప్పావుగంట ముందే వెళ్ళి నమోదు బల్ల దగ్గర పేరు చెప్పి నిలబడండి. రానివాళ్ళ సీట్లు సాధారణంగా సినిమా మొదలయ్యే ముందు వదులుతారు. ఒంటరిగా వెళ్ళినవాళ్ళకు దొరికే అవకాశం ఎక్కువ.

అదీ కాకపోతే దర్శకులకు చిన్న మెయిల్ రాయండి: “షోకి చోటు దొరకలేదు. తర్వాత ఎక్కడ ప్రదర్శిస్తున్నారో చెబితే వస్తాను.” లింకు అడక్కండి. కొందరు వాళ్ళంతట వాళ్ళే పాస్‌వర్డ్ ఉన్న లింకు పంపుతారు. వస్తే పెద్ద తెర మీద, హెడ్‌ఫోన్స్‌తో, ఒకేసారి ఆపకుండా చూడండి. లింకు ఇంకెవరికీ పంపకండి, ఆప్తమిత్రుడికైనా సరే. చూశాక రెండు రోజుల్లోపు నాలుగు వాక్యాలు తిరిగి రాయండి. “చూశాను, బాగుంది” అన్నది ఆ నాలుగులో లెక్కకు రాదు.